నిమ్మచెట్టు వద్దన్న మామ

పోయిన కార్తీకం నుంచి శివరాత్రి దాకా మా ఇంట్లో జరిగిన సంగతి ఇది. నాలుగు నెలలు. కందగడ్డ తీగ నాటిన రోజు నుంచి గడ్డ తవ్వేదాకా ఎంత కాలం పడుతుందో అంత. ఆ నాలుగు నెలలూ నేను మా మామను దొంగను చూసినట్టు చూశాను.

నాకు అనుమానం ఎక్కువే, దాచుకునేదేముంది. సిరిసిల్లలో చిన్నప్పుడు మా అమ్మ పాలకు పంపితే పాలాయన ముందరే గిన్నెలో వేలు ముంచి చూసేదాన్ని. పెళ్ళిచూపులకు వచ్చిన అంజిని పక్కకు పిలిచి ఫోన్ ఒకసారి చూపించమని అడిగాను. పాపం, ఇచ్చాడు. అందులో ఆయన ట్రాలీ ఆటో ఫోటోలు తప్ప ఇంకేమీ లేవు. సరే, ఈ మనిషితో బతకవచ్చు అనుకుని తలూపాను.

అత్తగారి ఊరు కొడిమ్యాల మండలంలో. ఇల్లు రోడ్డుకు ఆనుకునే ఉంటుంది. రెండు గదులు, వంటకు రేకుల పంచ, వెనక గుంటన్నర పెరడు. పెరటి అంచున కంప కంచె. కంచె దాటితే గోపాల్ రావు గారి మామిడితోట. మా మామ బక్కయ్య ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళు పాలేరుగా జీతం ఉన్నవాడు. మామా, మా అత్త దుర్గవ్వా ఇప్పటికీ గోపాల్ రావు గారిని దొర అనే పిలుస్తారు. నేను సారు అంటాను. పొద్దున రెండు గంటలు వాళ్ళింట్లో వంట చేస్తాను, జీతం తీసుకుంటాను, అక్కడితో సరి.

పెరట్లో మా మామ పండించేది ఒక్కటే, కందగడ్డ. శివరాత్రి ఉపవాసం నాడు ఉడకబెట్టుకుని తింటామే, ఆ ఎర్రతోలు గడ్డ, కొందరు చిలగడదుంప అంటారు. ముప్పై ఏళ్ళ నుంచి అదే పంట. ఒక ఏడు వంకాయ, ఒక ఏడు మిరప అని లేదు. నేను కాపురానికి వచ్చిన వారంలోనే ఆయన నన్ను పెరట్లోకి తీసుకుపోయి చెప్పిన మొదటి మాట ఇది:

"నీ ఇష్టం ఉన్న గడ్డ పెట్టుకో బిడ్డా. చెట్టు మాత్రం పెట్టకు."

కొత్త కోడలితో ఎవరైనా 'తిన్నవా' అంటారు, 'మంచిగున్నవా' అంటారు. ఈయన చెట్టు పెట్టకు అన్నాడు. అప్పుడే నా మనసులో ఒక ముల్లు నాటుకుంది.

పోయిన కార్తీకంలో ఒకరోజు పొద్దున శోభారాణి గారి వంటింట్లో ఉప్మా కలుపుతున్నాను. ఆవిడ గోపాల్ రావు గారి భార్య, మంచి మనిషే. కొడుకు విశ్వజిత్ జగిత్యాలలో హార్డువేర్ దుకాణం నడుపుతాడు. ఆ రోజు ఇంటికి వచ్చి హాల్లో ఫోన్లో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు.

"మామిడితోట సుట్టూ గోడ పెట్టిస్తున్న. ఎండకాలం లోపల అయిపోవాలె. బక్కయ్యోళ్ళ ఇంటి దిక్కు నుంచే మొదలువెడ్తం."

ఉప్మా మాడింది. ఆ రోజు ఇంటికి ఎట్లా వచ్చానో నాకే తెలియదు. గోడ కట్టేవాడు ఒక అడుగు ఇటు జరుపుతాడు, ఒక జానెడు ఇటు జరుపుతాడు, కట్టాక ఎవడు కూలగొట్టిస్తాడు? ఆ ఇల్లు, ఆ పెరడు తప్ప మాకు ఈ భూమి మీద ఇంకేమీ లేదు. సర్కారు ఎప్పుడో ఇచ్చిన ఇండ్ల పట్టా ఒకటి ట్రంకుపెట్టెలో ఉంది. అందులో ఇన్ని గజాలు అని ఉంది తప్ప ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అని లేదు.

ఇలాంటి కొట్లాటే బోయినపల్లిలో మా మేనత్తకు వచ్చింది. పెద్దమనుషులు వచ్చి, నువ్వు ఇక్కడ ఎన్నేళ్ళ నుంచి ఉన్నావు, సాక్ష్యం ఏంటి అని అడిగారు. ఆమె నోరు విప్పకుండా పోయి తన నిమ్మచెట్టు కింద నిలబడింది. చేతి లావు మొదలు, నెత్తి నిండా కాయలు. నిన్న మొన్న వచ్చిన చెట్టు కాదని గుడ్డివాడికైనా తెలుస్తుంది. అంతా నోరు మూసుకుని పోయారు. అందుకే నాకు నిమ్మచెట్టు కావాలి. గడ్డ మీద నుంచి గోడ పోతుంది, అడిగేవాడు ఉండడు. కాసే చెట్టును నరికి గోడ కట్టాలంటే పదిమందికి జవాబు చెప్పాలి.

అంజి కిరాయికి కోరుట్ల పోయినప్పుడు నర్సరీలో నడుము ఎత్తు నిమ్మ మొక్క ఒకటి తెచ్చాడు. మామ అప్పుడే తీగ ముక్కలు నాటుతున్నాడు. నేను పోయి పక్కనే గుంత తవ్వడం మొదలుపెట్టాను.

"ఏందది?" అన్నాడు.

"నిమ్మ మామా. కోతులు ముట్టవు. ముండ్లు, పైంగ పులుపు. నీ కందగడ్డనేమో కొండగట్టు కోతులు పీకబట్టె, పందులు తవ్వబట్టె. కట్టె పట్టుకొని ఇంకెన్నేండ్లు ఉరుకుతవ్?"

"నిమ్మ కాయాల్నంటే నాలుగేండ్లాయె. గడ్డ నాలుగు నెలలల్ల కడుపు నింపుతది."

"ఒక్కసారి పెడితే ఇరువై ఏండ్లు కాస్తది. ఏడేడు నాటేది లేదు, తవ్వేది లేదు."

"నీళ్ళు ఆగితే నిమ్మ ఎండిపోతది. మనది పల్లం."

"మొదట్ల మన్ను పోస్త."

"నీడ పడితే కింద గడ్డ ఊరది."

"ఊరకపోతే పాయె. శివరాత్రికి అంగట్ల కొనుక్కుందం."

ఆయన చేతిలో ఉన్న తీగ ముక్కలు కింద పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు: "నిమ్మచెట్టు రోడ్డు మీదికి కనవడ్తది బిడ్డా."

"కనవడాల్ననే పెడుతున్న."

అత్త పొయ్యి దగ్గర నుంచే కేకేసింది. "మామా కోడలు కొట్లాడుకునుడు తప్ప గీయేడు పెరట్ల ఏం పండదు. అంజీ, నువ్వన్న చెప్పరాదురా!" అంజి ఆటో తుడుస్తున్నట్టు నటించాడు. ఆయనకు ఆ విద్య బాగా వచ్చు.

మొక్క పెట్టాను. మూడో రోజు పొద్దున చూస్తే లేదు. పాత పెయింటు డబ్బాలో, వేర్లకు తడి గోనె చుట్టి, నీడకు పెట్టి ఉంది. నేనడగక ముందే మామ అన్నాడు, "సంపలే. ఇంకెక్కడన్న పెట్టుకో. ఈడ గాదు." మళ్ళీ పెట్టాను, ఈసారి తీగల నడుమ ఎవరికీ కనిపించకుండా. మళ్ళీ పీకాడు. మూడోసారి పెడతాననేసరికి అత్త విసిగిపోయి ఆ మొక్కను బీర్పూర్‌లో ఉన్న తన చెల్లె సత్యవ్వకు పంపేసింది. ఆ చెట్టు ఇప్పుడు అక్కడ బాగానే ఉందట.

మొక్క పోయింది గానీ నా కడుపులో మంట పోలేదు. ఒక మనిషి తన పెరట్లో తన కోడలు పెట్టిన చెట్టును రెండుసార్లు ఎందుకు పీకుతాడు? వేరేవాళ్ళ మేలు కోసమే అయి ఉండాలి. అక్కడి నుంచి నేను మామ మీద కన్నేశాను. వెతకడం మొదలుపెట్టాక దొరకకుండా ఉంటాయా? కంచె దగ్గరి చివరి సాలు ఎవరినీ ముట్టనివ్వడు. కలుపు తానే తీస్తాడు, గడ్డ తానే తవ్వుతాడు. మిగతా సాళ్ళలో తీగలు దూసి మేకలకు వేస్తాడు, ఆ సాలులో మాత్రం ఆకు కూడా తెంపడు. ఎందుకు అని అత్తను అడిగితే, "నేనచ్చినప్పటి సంది గంతే. ముసలాయనకు అదొక పిచ్చి," అంది. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి ఇంత మాత్రం అనుమానం రాలేదంటే నాకు అత్త మీద కూడా కోపం వచ్చింది.

పుష్యమాసంలో ఒక పొద్దున నేను శోభారాణి గారింట్లో పప్పు పొయ్యి మీద పెట్టి ఉన్నాను. వంటింటి కిటికీ అవతల అరుగు. అరుగు మీద గోపాల్ రావు గారు, కింద మెట్టు మీద మా మామ. నేను లోపల ఉన్నానని మామకు తెలియదు. ఆ రోజు కొంచెం ముందుగా వచ్చాను.

"ఆ పని జర మీరే సూడాలె దొరా. పిలగాడు ఇంటడో ఇనడో."

"నేను చెప్త తియ్ బక్కన్నా. నువ్వు పరేషాన్ గాకు."

"మా ఇంట్ల ఎవలకు ఎరుక లేదు. మా కోడలికైతే అసలే ఎరుక గావద్దు."

పప్పు పొంగి పొయ్యి ఆరిపోయింది. నేను కదలలేదు.

సాయంత్రం అంజి ఆటో దిగకముందే పట్టుకున్నాను. "మీ నాయిన పెరడు రాసిచ్చిండు."

"ఎవలకు?"

"ఎవలకేంది, గా గోపాల్ రావు సారుకు. నా సెవులతోని ఇన్న."

"మా నాయినకు సంతకమే రాదు గదనే."

"ఏలిముద్ర వస్తది గదా!"

అంజి నా ముఖం చూసి నవ్వబోయి ఆగాడు. రాత్రి అన్నం పెడుతూ నేను మామ ఎడమచేతి బొటనవేలు వంక పట్టి పట్టి చూశాను, ఎక్కడైనా నీలం మరక ఉందేమోనని. మట్టి తప్ప ఏమీ లేదు. ఆయన అది గమనించాడు. చెయ్యి ముడుచుకున్నాడు. ఆ ముడుచుకోవడం కూడా నా లెక్కలో ఒక రుజువే అయింది.

మాఘంలో ఆయనకు జ్వరం పట్టుకుంది. రెండు రోజులు గోలీలు మింగాడు, మూడో రోజు మాట తడబడింది. అంజి ఆటోలో వేసుకుని జగిత్యాల పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. ఊపిరితిత్తుల్లో నిమ్ము, వారం ఉండాలి అన్నారు. అత్త తోడుగా అక్కడే ఉండిపోయింది. ఆటో ఎక్కేముందు కూడా మామ నా చెయ్యి పట్టుకుని ఒక్కటే మాట: "గడ్డలు నేనచ్చినంక తవ్వుత. నువ్వు ముట్టకు."

మరుసటి రోజు మధ్యాహ్నం పార తీసుకుని పెరట్లోకి పోయాను. వేరే సాళ్ళ వైపు చూడనైనా చూడలేదు, నేరుగా చివరి సాలుకే. కంచెకు రెండడుగుల ఇవతల, మూల మీద, పార రాయికి తగిలి చేయి జివ్వుమంది. తీగలు పక్కకు లాగి మట్టి తీశాను. రాయి. మామూలు రాయి కాదు, నాలుగు పక్కలా చెక్కిన రాయి. తల మీద ఉలితో కొట్టిన అడ్డం నిలువు గీతలు. నేను ఇంటర్ చదివాను, నాకు చెప్పాలా? హద్దురాయి.

నా అంత తెలివిగలది ఈ మండలంలోనే లేదనిపించింది ఆ క్షణం. ఇదన్నమాట ముసలాయన దాచింది! మా హద్దు ఇక్కడుందని రుజువు చూపే రాయిని మట్టిలో కప్పి పెట్టి, దొరగారు గోడ ఎంత లోపలికి జరుపుకున్నా అడ్డం లేకుండా చేస్తున్నాడన్నమాట. నీళ్ళు పోసి రాయిని కడిగాను. పసుపు రాసి బొట్టు పెట్టాను. అంజి వచ్చి ఫోటో తీసి, మా హద్దురాయి దొరికింది అని స్టేటస్ పెట్టాడు. సాయంత్రానికి ఊరంతా చూసింది.

నేను అంతటితో ఆగలేదు. తెల్లారి శోభారాణి గారింటికి వంటకు పోలేదు, మాట్లాడటానికి పోయాను. గోపాల్ రావు గారు, విశ్వజిత్ ఇద్దరూ ఉన్నారు.

"సారు, గోడ కట్టేముందు కొలిపియ్యిండ్రి. మాకు రాయి దొరికింది," అన్నాను.

గోపాల్ రావు గారి ముఖం ఎట్లాగో అయింది. "ఎందుకమ్మా కొలుసుడు? కంచె ఎంబడే గోడ కట్టమని చెప్పిన గదా. మీ జాగకు ఎవలు రారు."

కొలవద్దంటున్నాడంటే కొలిస్తే ఆయనకే నష్టం. ఇంత సూటిగా తెలిసిపోతుంటే ఇంకా ఏం కావాలి? "అట్ల గాదు సారు. సర్కారోళ్ళు కొలవాలె. ఇద్దరికి మంచిది," అన్నాను.

విశ్వజిత్ తండ్రి వైపు చూసి నా వైపు తిరిగాడు. "ఆమె చెప్పింది కరెక్టే బాపు. రేపు ఎవలకు పేచీ ఉండది. దరఖాస్తు ఇద్దరం కల్సే పెడదం." ఆ రోజే ఆయన కార్లోనే పోయి కొడిమ్యాలలో దరఖాస్తు పెట్టి వచ్చాము. శోభారాణి గారు గేటు దాకా వచ్చి నాతో ఏదో చెప్పబోయారు, చెప్పలేదు.

మామ వారానికి తిరిగి వచ్చాడు. సగం మనిషి అయ్యాడు. ఆటో దిగి ఇంట్లోకి కూడా రాకుండా గోడ పట్టుకుంటూ పెరట్లోకి నడిచాడు. పసుపు బొట్టు పెట్టుకుని నిలబడ్డ రాయిని చూశాడు. దాని పక్కనే మట్టిలో కూలబడ్డాడు.

"ఎవలకన్న చెప్పినవా?"

"ఊరందరికి తెలుసు. కొలిచేటోళ్ళు శివరాత్రికి ముందే వస్తరు."

"ఆపు బిడ్డా. నీ కాల్మొక్త, ఆపు. ఆ రాయి మన దిక్కు మాట్లాడది."

"మరి ఎవల దిక్కు మాట్లాడతది? మీ దొర దిక్కా?" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. నాలుగు నెలల విషం నోటి దాకా వచ్చేసింది. "జీతం ఇడిసిపెట్టి ఎన్నేండ్లయినా నీ బుద్ధి జీతగాని బుద్ధే. రేపు పుట్టే మా పిల్లల నోట్లె మన్ను కొట్టి ఆ ఇంటికి సేవ జేస్తున్నవ్."

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అంజి మొదటిసారి నా మీద చేయెత్తబోయి, తనే ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకున్నాడు. మామ లేచి పోయి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నన్ను నమ్మి నిజం చెప్పే మనిషి ఆయనలో ఒక్కడు మిగిలి ఉంటే, ఆ పూట వాణ్ణి నేనే చంపాను.

శివరాత్రి ఇంకా మూడు రోజులుందనగా సర్వేయరు వచ్చాడు. మూడు కాళ్ళ మిషను, ఊరి పటం గీసిన నక్ష కాగితం, వెంట సున్నం పొడి డబ్బా పట్టుకున్న పెద్దమనిషి ఒకడు. గోపాల్ రావు గారు కుర్చీ వేస్తే కూర్చోలేదు, కంచె అవతల నిలబడే ఉన్నారు. ఊరివాళ్ళు పాతికమంది పోగయ్యారు. నేను పట్టుచీర కట్టుకున్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సర్వేయరు రాయిని చూశాడు, నక్ష చూశాడు, తలూపాడు. "అస్సలైన రాయి ఇది. కదల్లేదు. దీని తోటిది ఇంకోటి ఉండాలె, రోడ్డు మీద."

రోడ్డు మీద రాయి ఎక్కడిది అనుకుంటున్నాము. ఆయన మా ఇంటి ముందు నుంచి ఉత్తరం వైపు నడిచి, రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ దగ్గర ఆగాడు. అక్కడ బస్సు కోసం వచ్చినవాళ్ళు కూర్చునే రాయి ఒకటుంది. రోడ్డువాళ్ళు వేసిందనుకునేవాళ్ళం. దాని చుట్టూ గడ్డి పీకించి, తల మీద అరచేత్తో రుద్దాడు. అడ్డం నిలువు గీతలు.

"ఇగ గీ రెండు రాళ్ళ నడుమ గీతే హద్దు," అన్నాడు.

నేను ఆ రాయి వైపు చూశాను. ఈ రాయి వైపు చూశాను. ఒకటి ఇంటి ముందు, ఉత్తరం పక్కన. ఒకటి ఇంటి వెనక, దక్షిణం మూలన. నడుమ ఏముందో చూడటానికి మిషను అవసరం లేదు. కంచె ఎంత సూటిగా ఉందో హద్దు అంత వాలుగా ఉంది.

సున్నం డబ్బా ఆయన వెనక రాయి దగ్గర గీత మొదలుపెట్టాడు. కందగడ్డ సాళ్ళ మీదుగా ఏటవాలుగా వచ్చాడు. రేకుల పంచ దగ్గరికి వచ్చి ఆగి నా వైపు చూశాడు.

"లోపలికి పోవాలె బిడ్డా. సెప్పులిడుస్త," అన్నాడు.

చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. పొయ్యి పక్క నుంచి, మామ పడుకున్న మంచం కాళ్ళ నడుమ నుంచి, పెద్ద గదిలో టీవీ ముందు నుంచి, వాకిలి గడప దాటి రోడ్డు దాకా తెల్లటి గీత పోసుకుంటూ పోయాడు. గీతకు అటు మామిడితోట, ఇటు మేము. ఇంట్లో సగానికి ఎక్కువ అటే పోయింది. పెరట్లో ఒక మూల తప్ప మిగిలిందేమీ లేదు. మా పట్టా జాగ అంతా దక్షిణం పక్కన, ఎవరూ ఏమీ వేయని బండ మీద ఉందట.

గోపాల్ రావు గారు కంచె మీది ముల్లు ఒకటి విరుస్తూ అన్నారు, "నేను వద్దన్న గదమ్మా." సర్వేయరు కాగితం మీద సంతకం పెట్టి కారులో పోయాడు.

ఆ సాయంత్రం మామ మంచం మీద లేచి కూర్చున్నాడు. నేను గీతకు ఇటుపక్క, నేల మీద కూర్చున్నాను. మాట్లాడమని అడిగే మొహం నాకు లేదు. ఆయనే మొదలుపెట్టాడు.

"పట్టా ఇచ్చిన జాగ బండ. పునాది తవ్వితే గడ్డపార వంగింది. పెద్దదొర, గీ గోపాల్ రావు దొర నాయిన, బండ మీదేం కడ్తవు, ఇటు జరుగు అన్నడు. నోటి మాట. కాయితం లేదు. ఆయన సచ్చిపోయిండు. రాయిని పీకుదమా అంటే అది పాపం, జేలు గూడ. అందుకే కప్పిన. గడ్డ తీగ నేల మీద పర్సుకుంటది, రాయి ఎవలకు కనవడది. ఏడాదికొక్కపారి నేనే తవ్వుత, నేనే కప్పుత. చెట్టు గట్ల గాదు. చెట్టు పెద్దగైతది. పెద్దగైతే గది ఎవని జాగల ఉన్నదని ఎవడో ఒగడు అడుగుతడు. అడిగితే కొలుస్తరు."

"అరుగు మీద గా రోజు..."

"కొలవకుండ కంచె ఎంబడే గోడ కట్టియ్యమని బతిమాలిన. సరే అన్నడు."

"నాకు చెప్తే అయిపోవు గద మామా!" నాకు ఏడుపు ఆగలేదు. "ఒక్క మాట చెప్తే నేను సచ్చినా ముట్టకపోదును."

ఆయన నా వైపు చూడకుండా అన్నాడు: "నువ్వు ఆ ఇంట్ల వండుతవు గద బిడ్డా."

అంటే నేను ఆయనను ఎట్లా చూశానో, ఆయనా నన్ను అట్లాగే చూశాడు. నేను ఆయన బొటనవేలు చూస్తే, ఆయన నా నోరు చూశాడు. ఒకే గిన్నెలో కూర తింటూ, ఒకే కప్పు కింద పడుకుంటూ, ఇద్దరం ఒకరికొకరు కావలి కాశాము. కోపం రావాలి కదా, రాలేదు. ఆయన స్థానంలో నేనున్నా నాలాంటిదానికి చెప్పేదాన్ని కాదు.

శివరాత్రి నాడు ఉపవాసం ఉన్నాము. తవ్విన గడ్డలు ఉడకబెట్టాను గానీ ఎవరూ తినలేదు. నాలుగో రోజు విశ్వజిత్ వచ్చాడు, తండ్రి వెనకాలే వచ్చి వాకిట్లో ఆగారు. విశ్వజిత్ మర్యాదగానే మాట్లాడాడు. అదే మరీ బాధ.

"సూడు నీలా, నేను కొలుస్త అనలే, మీరే కొలిపిచ్చిండ్రు. ఇప్పుడు కాయితం మీదికి ఎక్కింది, నాకు తెల్వదంటే నడువది. రెండు దారులున్నయి. గీత ఎంబడి గోడ కడ్త. లేకుంటే కంచె కాన్నే కడ్త, మీరు ఎప్పటి లెక్కనే ఉండుండ్రి. కాని గీ కాయితం మీద సంతకం కావాలె."

టైపు కొట్టిన ఒక పేజీ. కింద స్టాంపు. మంచం మీద పెట్టాడు. అంజి దాని వైపు చూడలేకపోయాడు. అత్త తలుపు వెనకకు పోయింది. ముప్పై ఏళ్ళు ఇది మా ఇల్లు. ఎవరడిగినా మా ఇల్లు అనే చెప్పాము. మామ అప్పు చేసి స్లాబు వేసింది ఇందులోనే, అంజి పుట్టింది ఇందులోనే.

మామ కాగితాన్ని నా వైపు జరిపాడు. ఆ గొంతులో కోపం లేదు. నన్ను దెప్పడానికి అనలేదని ప్రమాణం చేసి చెప్పగలను. నిజంగానే నన్ను నమ్మి అడిగాడు.

"మంచిగ సదువు బిడ్డా. ఏమన్న మోసం ఉంటదేమో సూడు. ఉంటే నీకే దొరుకుతది."

తీసుకుని చదివాను. ఈ ఇల్లు, పెరడు గోపాల్ రావు గారి భూమిలో ఉన్నవి. మేము వారి దయతో, వారి అనుమతితో ఉంటున్నాము. మాకు ఎటువంటి హక్కూ లేదు. వారు ఖాళీ చేయమన్న రోజు ఖాళీ చేస్తాము. మళ్ళీ చదివాను. ప్రతి పేరూ చూశాను, ప్రతి అంకె చూశాను, కాగితం తిప్పి వెనక వైపు కూడా చూశాను. ఒక్క తప్పు దొరికినా చాలు, చింపి పారేద్దామని వెతికాను. అందరూ నా ముఖమే చూస్తున్నారు.

"ఏం లేదు మామా," అన్నాను. "అన్ని నిజాలే రాసిండ్రు."